గర్భిణి మనసులో తన ఒంటి గురించి ఏముందో కొలవగలమా? మెల్‌బోర్న్ కొలత మహబూబ్‌నగర్‌లో పనిచేస్తుందా?

తొమ్మిది ఆడబొమ్మలు వరసగా గీసిన కార్డు ఒకటుంది. ఎడమ చివర ఎముకలు తేలిన సన్నటి మనిషి, కుడి చివర బాగా లావుపాటి మనిషి, మధ్యలో మిగతా ఏడుగురు. "ఇప్పుడు మీరు ఏ బొమ్మలా ఉన్నారు?" అని ఒకసారి, "ఏ బొమ్మలా ఉండాలని ఉంది?" అని ఇంకోసారి అడుగుతారు. ఆ రెండు అంకెల తేడానే ఆ మనిషికి తన ఒంటి మీదున్న అసంతృప్తి కింద లెక్క. స్టంకార్డ్, సోరెన్‌సెన్, షుల్సింగర్ అనే పరిశోధకులు డెన్మార్క్‌లో దత్తత వెళ్ళినవాళ్ళ ఊబకాయం గురించి చేసిన అధ్యయనంలో ఈ బొమ్మలు వాడి 1983లో ప్రచురించారు. ఆ తర్వాత ఈ కార్డు దేశదేశాలు తిరిగింది.

ఇదే కార్డును ఏడో నెల గర్భిణి చేతిలో పెట్టండి. ఆమె ఏ బొమ్మను చూపించాలి? తొమ్మిదింటిలో ఒక్కదానికీ కడుపు లేదు. కాళ్ళూ చేతులూ చూసుకుంటే మూడో బొమ్మ, నడుము చూసుకుంటే ఏడో బొమ్మ. ఎలా ఉండాలని ఉందంటే, ఈ నెలలోనా, కాన్పయ్యాకనా? ఆమె కాసేపు తటపటాయించి ఐదు మీద వేలు పెడుతుంది. కాగితం మీద ఐదు పడుతుంది. ఆ తటపటాయింపు మాత్రం ఎక్కడా నమోదు కాదు.

మన ఒంటిని మనం ఎలా చూసుకుంటున్నాం, దాని గురించి ఏమనుకుంటున్నాం, ఆ అనుకోవడం వల్ల ఏం చేస్తున్నాం, ఏం మానేస్తున్నాం, ఇదంతా కలిపి బాడీ ఇమేజ్ అంటారు. పాల్ షిల్డర్ 1935లో దీని మీద పుస్తకం రాసినప్పటి నుంచి సైకాలజీలో ఇదొక పెద్ద శాఖ. దీన్ని కొలవడానికి పదుల కొద్దీ ప్రశ్నావళులు వచ్చాయి. చాలావాటి పుట్టుక ఒకటే. ఈటింగ్ డిజార్డర్లు (తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు) ఉన్న, లేదా వచ్చే ప్రమాదమున్న యువతుల కోసం ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో తయారయ్యాయి. 1987లో వచ్చిన బాడీ షేప్ క్వశ్చనేర్ అలాంటిదే. అందులో 34 ప్రశ్నలు, అన్నీ గత నాలుగు వారాల గురించి. పొట్ట, తొడలు, బట్టలు, పక్కన సన్నటి మనిషి ఉన్నప్పుడు కలిగే ఇబ్బంది, ఇలా సాగుతాయి.

గర్భిణికి నాలుగు వారాలు అంటే చిన్న సమయం కాదు. మొదటి వారంలో పట్టిన జాకెట్టు నాలుగో వారానికి పట్టదు. అమెరికాలో 2009లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం మామూలు బరువున్న స్త్రీ గర్భంతో 11.5 నుంచి 16 కిలోల దాకా పెరగాలి. అంటే డాక్టరే పెరగమంటున్న బరువు గురించి, 'బరువు పెరుగుతోందని దిగులు పడ్డారా?' అని పాత ప్రశ్నావళి అడుగుతుంది. అవునంటే ఆమె జబ్బు మనిషా, కాదంటే ఆరోగ్యవంతురాలా? ఆ కాగితానికి తెలియదు.

అందుకే గర్భిణుల కోసమే వేరే స్కేళ్ళు, అంటే కొలిచే ప్రశ్నావళులు, రావాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని డీకిన్ యూనివర్సిటీకి చెందిన వాట్సన్ బృందం 2017లో ఒకటి ప్రచురించింది. గర్భిణులతో కూర్చుని మాట్లాడి, వాళ్ళ మాటల్లోంచి ప్రశ్నలు తీసి, చివరికి 36 ప్రశ్నలు నిలిపారు. అవి ఏడు గుంపులుగా విడిపోయాయి: రూపం గురించి అదే పనిగా ఆలోచించడం, ఒంట్లో సత్తువ, చర్మం, ఆకర్షణ, పని చేసే శరీరం కన్నా కనిపించే శరీరానికి పెద్దపీట వేయడం, రూపం బాగోలేదని నలుగురిలోకి వెళ్ళకపోవడం, ఒక్కొక్క అవయవం మీద అసంతృప్తి. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో కిర్క్, ప్రెస్టన్ 2019లో ఇంకొకటి తెచ్చారు. దాని పొట్టి పేరు బంప్స్. గర్భిణిగా కనిపించడంలో సంతోషం, బరువు గురించిన దిగులు, గర్భం మోయడంలోని శారీరక శ్రమ అనే మూడు అంశాలను అది చూస్తుంది. కడుపు కనిపించడంలో సంతోషం కూడా ఉంటుందని ఒక స్కేలు ఒప్పుకోవడం నాకు నచ్చింది. అంతకు ముందు చాలావాటిలో శరీరమంటే ఫిర్యాదుల చిట్టాయే.

రెండూ మంచి పనిముట్లే. కానీ వాటిలోని ప్రశ్నలు మెల్‌బోర్న్, యార్క్ లాంటి చోట్ల ఉండే స్త్రీల నోళ్ళలోంచి వచ్చాయి. ఇప్పుడు వాటిని టర్కిష్, పర్షియన్ లాంటి భాషల్లోకి తీసుకెళ్తున్నారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

ఒకే జవాబు, మూడు భయాలు

'గర్భంలో నా బరువు గురించి నాకు టెన్షన్‌గా ఉంది.' ఇలాంటి వాక్యానికి ముగ్గురు స్త్రీలు ఐదుకి ఐదు వేశారనుకుందాం.

మొదటి ఆమె మెల్‌బోర్న్‌లో ఉంది. కాన్పయ్యాక పాత జీన్స్ పడతాయో లేదోనని ఆమె భయం. స్కేలు తయారుచేసినవాళ్ళు ఊహించింది ఈమెనే.

రెండో ఆమె టోక్యోలో ఉంది. జపాన్‌లో గర్భిణి బరువు పెరగకుండా చూడటం చాలాకాలం వైద్యుల పట్టింపు. 2006 నాటి ప్రభుత్వ సూచన ప్రకారం మామూలు బరువున్న స్త్రీ 7 నుంచి 12 కిలోలు పెరిగితే చాలు. పుట్టే పిల్లల్లో తక్కువ బరువువాళ్ళు తొమ్మిది శాతం దాకా ఉండటంతో 2021లో దాన్ని 10 నుంచి 13 కిలోలకు పెంచారు. చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ తల్లీబిడ్డల పుస్తకంలో బరువు రాస్తారు. పోయినసారి కన్నా ఎక్కువ పెరిగితే డాక్టర్ ఏమంటారోనన్నది ఈమె టెన్షన్. అది అద్దం ముందు పుట్టిన బాధ కాదు, త్రాసు ముందు పుట్టినది.

మూడో ఆమె మన మహబూబ్‌నగర్ వైపు ఏ పల్లెలోనో ఉంది. ఆమె భయం తిరగబడి ఉంది. బరువు పెరగడం లేదు, కడుపు కనిపించడం లేదు, బిడ్డ ఎదుగుతున్నాడో లేదో. వీధిలో ఎదురుపడిన ప్రతి పెద్దావిడా 'ఏడో నెలంటున్నవ్, కడుపే కనిపిస్తలేదు గదా' అనేసి పోతుంది.

ముగ్గురికీ ఐదే. సగటు తీస్తే ముగ్గురూ ఒకలాంటి మనుషులే. కానీ ఒకామెకు కావాల్సింది ధైర్యం చెప్పే మాట, ఒకామెకు కొంచెం మెత్తగా మాట్లాడే డాక్టర్, ఒకామెకు తిండి.

మూడో ఆమె కల్పన కాదు. డయాన్ కాఫీ అనే పరిశోధకురాలు 2015లో ప్రచురించిన లెక్కల ప్రకారం భారతదేశంలో గర్భం మొదలయ్యేనాటికి 42.2 శాతం స్త్రీలు ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువుతో ఉన్నారు. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో అది 16.5 శాతం. మన స్త్రీలు గర్భంతో పెరిగేది సగటున ఏడు కిలోలే. నెలలు నిండిన మన గర్భిణి బరువు, అప్పుడే నెల తప్పిన ఆఫ్రికా స్త్రీ బరువు కన్నా తక్కువని ఆమె తేల్చింది. దీనికి పేదరికం, ఇంట్లో కోడలి స్థానం లాంటి కారణాలు ఉన్నాయి. దానికి తోడు, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కావాలనే తిండి తగ్గించుకోవడమూ ఉంది. దక్షిణ కర్ణాటక తీరంలో నిక్టర్ దంపతులు 1983లో రాసిన అధ్యయనంలో ఒక నమ్మకం వివరంగా కనిపిస్తుంది: కడుపులో ఉన్నది ఒకటే చోటు, దాన్ని అన్నమూ బిడ్డా పంచుకోవాలి, అన్నం ఎక్కువైతే బిడ్డకు చోటు చాలదు. తెలుగు ఊళ్ళలోనూ ఈ మాట వినని అమ్మమ్మ ఉండదు. అలా నమ్మే గర్భిణి తిండి తగ్గించిందని స్కేలు పట్టుకుంటే, అది బాడీ ఇమేజ్ సమస్య అని రాస్తుంది. ఆమె రూపం గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించి ఉండదు.

అలాగని 'తెలుగు సంస్కృతి' అని ఒకే ముద్ద చేసి మాట్లాడటం కూడా తప్పే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువుతో ఉన్నారు. దేశం సగటు 24 శాతమే. (ఆ లెక్కలోంచి గర్భిణులను తీసేస్తారు, వాళ్ళ బరువుకు మామూలు కొలత వర్తించదు కనక. సర్వే వాళ్ళకు తెలిసిన ఈ జాగ్రత్త బొమ్మల కార్డుకు తెలియలేదు.) హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో 'నెలలో మూడు కిలోలా?' అని డాక్టర్ చేత అనిపించుకుని, సాయంత్రం ఫొటోషూట్‌కు గౌను సరిపోతుందో లేదోనని చూసుకునే అమ్మాయి టోక్యో ఆమెకు, మెల్‌బోర్న్ ఆమెకు దగ్గరి చుట్టం. పాలమూరులోని తన పెద్దమ్మ కూతురికి కాదు.

స్కేలులో లేని ప్రశ్నలు

ఉన్న ప్రశ్న తప్పుగా పనిచేయడం ఒక ఎత్తు. అడగాల్సింది అసలు లేకపోవడం ఇంకో ఎత్తు.

ఏ సీమంతంలోనైనా ఒక మూల కూర్చుని వినండి. గాజులు తొడుగుతూనే ఒంటి మీద తీర్పులు మొదలవుతాయి. ముఖంలో కళ వచ్చింది, ఆడపిల్లే. కడుపు ముందుకు పొడుచుకొచ్చింది, మగపిల్లాడే. నల్లబడ్డావేంటే, కుంకుమపువ్వు తాగట్లేదా? బుగ్గల మీద మంగు వచ్చింది, కాన్పయ్యాక పోతుందిలే. చిక్కిపోయావు, అత్తగారు సరిగ్గా పెట్టట్లేదా? ఇందులో ప్రతి మాటా బాడీ ఇమేజ్ గురించే. కానీ ప్రతి మాటలోనూ ఒళ్ళు ఒక్కటే లేదు, వెనకాల బిడ్డ రంగు ఉంది, బిడ్డ ఆడో మగో ఉంది, అత్తవారింటి పరువుంది. కడుపు మీద కొంగు కప్పుకునే మనిషి సిగ్గుతో కప్పుకుంటోందా, దిష్టి తగలకుండా కప్పుకుంటోందా? 'మీ పొట్టను దాచుకుంటారా?' అని అడిగితే రెండింటికీ జవాబు అవునే.

దీనికి అటు చివరి ఉదాహరణ ఫిజీ. అక్కడి శరీర భావనల గురించి ఆన్ బెకర్ 1995లో పుస్తకం రాసింది. ఫిజీ ఊళ్ళలో ఒక మనిషి ఒళ్ళు ఆ మనిషి సొంత ప్రాజెక్టు కాదు. నిండుగా ఉన్న ఒళ్ళు, ఆ మనిషిని ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు ఎంత బాగా చూసుకుంటున్నారో చెప్పే సాక్ష్యం. చిక్కిపోతే తలదించుకోవాల్సింది చుట్టూ ఉన్నవాళ్ళే. గర్భం వస్తే ఆ సంగతి ఊరికి తెలియాలి, దాచిన గర్భం ఊళ్ళో మిగతావాళ్ళకు కీడు చేస్తుందని నమ్మకం. అలాంటి చోట 'నా శరీరంతో నేను తృప్తిగా ఉన్నాను' అన్న వాక్యంలో 'నా' దగ్గరే బండి ఆగిపోతుంది. మన దగ్గర అంత దూరం పోకపోయినా, చిక్కిపోయావన్న మాట అత్తగారికి ఎందుకు తగులుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

కాగితం నుంచి నోటికి

ప్రశ్నావళిని భాష మార్చడానికి ఒక ఆచారం ఉంది. ఒకరు తెలుగులోకి అనువదిస్తారు, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, రెండు ఇంగ్లీషులూ కలిస్తే పాస్. బ్రిస్లిన్ 1970లో దీన్ని పద్ధతిగా పెట్టాడు. తప్పులు పట్టడానికి పనికొస్తుంది. కానీ ఇద్దరూ చదువుకున్న అనువాదకులే. వాళ్ళిద్దరి మధ్య చక్కగా వెళ్ళి వచ్చిన వాక్యం పీహెచ్‌సీ వరండాలో బెంచీ మీద కూర్చున్న మనిషికి ఎలా వినిపిస్తుందో ఆ పద్ధతి చెప్పదు.

ఊహించండి. చెకప్ రోజు. కాగితం ఆశా కార్యకర్త చేతిలో ఉంది. పైన చెప్పిన సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో చదవగలిగేవాళ్ళు 71.5 శాతమే కనక చాలాచోట్ల ప్రశ్న చదివి వినిపించాల్సిందే.

"నా శరీరంలోని శక్తి విషయంలో నేను అసంతృప్తిగా ఉన్నాను. దీనికి నువ్వు పూర్తిగా ఒప్పుకుంటవా, కొంచెం ఒప్పుకుంటవా, ఎటూ చెప్పలేవా, కొంచెం ఒప్పుకోవా, అసలే ఒప్పుకోవా?"

"నీరసంగనే ఉంటదక్కా."

"అంటే ఒప్పుకుంటవా?"

"రక్తం తక్కువుందని మీరే చెప్పిండ్రు గదా."

ఆశా కార్యకర్త 'పూర్తిగా' దగ్గర టిక్ పెడుతుంది. పెట్టక ఏం చేస్తుంది? అదే సర్వేలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మెల్‌బోర్న్‌లో బాడీ ఇమేజ్‌ను కొలిచిన ప్రశ్న ఇక్కడ హిమోగ్లోబిన్‌ను కొలిచింది. కాళ్ళ వాపు గురించి అడిగినా ఇదే గతి. ఒకచోట అది చెప్పులు పట్టడం లేదన్న చిరాకు, ఇంకోచోట బీపీ ఎక్కువైందేమోనన్న భయం.

ఇక ఆకర్షణ గురించిన ప్రశ్నలు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే భర్త కంటికి తను ఎలా కనిపిస్తోందో ఏ కోడలు చెబుతుంది? 'అదంతా ఏం లేదక్కా, బాగనే ఉంది' అంటుంది. లెక్కల్లో ఆమె మహా తృప్తిగా ఉన్న మనిషి. కొన్ని దేశాల గర్భిణులు చాలా సంతోషంగా ఉన్నారని చెప్పే సగటుల్లో ఇలాంటి 'బాగనే ఉంది'లు ఎన్ని కలిశాయో చూడకుండా వాటిని నమ్మడం నాకు కష్టం.

జవాబిచ్చే అలవాటు కూడా దేశానికో తీరు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలిస్తే జపాన్, తైవాన్ విద్యార్థులు మధ్యలో వేయడానికి, అమెరికా విద్యార్థులు చివర్లు పట్టుకోవడానికి కొంచెం ఎక్కువగా మొగ్గుతారని 1995లోనే చెన్, లీ, స్టీవెన్సన్ చూపించారు. పైగా ఎవరైనా తనను పోల్చుకునేది చుట్టూ ఉన్నవాళ్ళతోనే గానీ ప్రపంచ సగటుతో కాదు కదా.

కాటా ముల్లు ఎక్కడుంది?

ఇన్ని చిక్కుల మధ్య రెండు దేశాల స్కోర్లు పోల్చవచ్చా అని తేల్చడానికి గణాంక శాస్త్రంలో ఒక పరీక్ష ఉంది. అది మూడు మెట్లు.

మొదటి మెట్టు: ప్రశ్నలు రెండుచోట్లా ఒకేలా గుంపులు కడుతున్నాయా? మెల్‌బోర్న్‌లో చర్మం ప్రశ్నలు ఒక గుంపు, ఆకర్షణ ప్రశ్నలు ఇంకో గుంపు. తెలుగు గర్భిణుల్లో రంగు, మంగు, కళ అన్నీ ఆకర్షణతో కలిసిపోయి ఒకే గుంపైతే, ఏడు గుంపుల స్కేలు మొదటి మెట్టు మీదే జారింది. రెండో మెట్టు: ఒక్కో ప్రశ్నకు లోపలి భావంతో ఉన్న ముడి రెండుచోట్లా ఒకే బలంతో ఉందా? సత్తువ ప్రశ్న అక్కడ గట్టిగా ముడిపడి, ఇక్కడ రక్తహీనత వైపు లాగేస్తే ఈ మెట్టు దాటదు.

మూడోది అసలు కష్టం. కాటా మీద ఏమీ పెట్టకముందే ముల్లు రెండు వందల గ్రాములు చూపిస్తోందనుకోండి. ఆ కాటా మీద తూచిన రెండు వంకాయల బుట్టల్లో ఏది ఎక్కువో సరిగ్గానే తెలుస్తుంది. కానీ పక్క కొట్టు కాటాతో పోల్చారో, మోసమే. ప్రశ్నలకూ అలాంటి సున్నా ఉంటుంది. లోపలి బాధ ఒకే మోతాదులో ఉన్నా, ఒక సమాజంలో మామూలుగానే 'రెండు' అనేచోట ఇంకో సమాజంలో 'మూడు' అంటారు. ఆ తేడా లేదని తేలితేనే ఏ దేశం గర్భిణులకు అసంతృప్తి ఎక్కువ అన్న మాటకు అర్థం. అది తేలకపోయినా, ఒక దేశం లోపల ఏ స్త్రీకి బాధ ఎక్కువ, డిప్రెషన్‌తో దానికి సంబంధం ఉందా లాంటివి రెండో మెట్టు దాకా వస్తే చూసుకోవచ్చు. ఈ తేడా చెప్పకుండా దేశాల సగటులు పక్కపక్కన పెట్టి పట్టిక గీసేసే పేపర్లు చాలానే ఉన్నాయి.

ఇది ఎంత కష్టమో ఒక్క ఉదాహరణ చాలు. శరీరాన్ని మెచ్చుకోవడాన్ని కొలిచే పది ప్రశ్నల స్కేలు ఒకటి ఉంది. వీరెన్ స్వామి నాయకత్వంలో 65 దేశాల్లో, 40 భాషల్లో, దాదాపు 57 వేల మంది మీద దాన్ని పరీక్షించి 2023లో ప్రచురించారు. అంత కష్టపడ్డా దేశాల మధ్య, భాషల మధ్య మూడో మెట్టు పాక్షికంగానే నిలబడింది. అది గర్భిణుల స్కేలు కాదు, పదే ప్రశ్నలు, అన్నీ సానుకూలమైనవి. మరి 36 ప్రశ్నల, ఏడు గుంపుల స్కేలు సంగతి?

గర్భంలో ఇంకో మెలిక ఉంది. ముల్లు దేశానికి దేశానికీ మధ్యే కాదు, నెలకి నెలకీ మధ్య కూడా జరుగుతుంది. మూడో నెలలో వేవిళ్ళతో అన్నం నిలవని మనిషి, కడుపు ఇంకా కనిపించక 'లావైందేమో' అనిపించుకునే మనిషి, తొమ్మిదో నెలలో అదే కడుపును నిమురుకుంటూ కూర్చునే మనిషి ఒకరే కావచ్చు. శరీరం మీద అసంతృప్తి గర్భంలో కన్నా కాన్పయ్యాక నెలల్లో ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అంత పెద్ద కడుపు మోసినప్పుడు ఒక సాకు ఉంది, కాన్పయ్యాక అది పోయింది. టర్కీలో ఐదో నెలవాళ్ళనూ, ఇంకోచోట ఎనిమిదో నెలవాళ్ళనూ అడిగి తేడా వస్తే, అది సంస్కృతి తేడా అనడానికి లేదు.

మరి ఎందుకీ తంటా?

శరీరం మీద గట్టి అసంతృప్తి ఉన్న గర్భిణుల్లో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువని పదేపదే తేలింది. యార్క్ స్కేలు తయారుచేసినవాళ్ళు, గర్భిణిగా తన ఒంటిని ఇష్టపడటానికీ కడుపులో బిడ్డతో అనుబంధానికీ సంబంధం ఉందని చూపించారు. కనక ఇది తీరికున్నవాళ్ళ టాపిక్ కాదు. మన మాతా శిశు సంరక్షణ కార్డులో బరువుకు గడి ఉంది, బీపీకి ఉంది, హిమోగ్లోబిన్‌కు ఉంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. ఆ అన్నం ముందు కూర్చుని సగం వదిలేసే మనిషి ఎందుకు వదిలేస్తోందో తెలుసుకునే గడి మాత్రం లేదు. వేవిళ్ళా, బిడ్డకు చోటు చాలదన్న భయమా, లావైపోతున్నానన్న దిగులా, ఇంట్లో పిల్లలకు పట్టుకెళ్ళాలనా?

నా మట్టుకు నాకు తోచేది, తెలుగు గర్భిణుల కోసం చేయాల్సింది 36 ప్రశ్నలను తెలుగులోకి మార్చడం కాదు. ముందు శ్రీకాకుళంలో, అనంతపురంలో, ఆదిలాబాద్ గూడేల్లో, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో గర్భిణులను మాట్లాడనివ్వాలి, అత్తగారిని కాసేపు టీ తాగడానికి పంపించి మరీ. వాట్సన్ బృందం మెల్‌బోర్న్‌లో చేసింది అదే కదా. కడుపు కనిపించడం లేదన్న భయం, మంగు, దిష్టి, కావాలని తిండి తగ్గించడం, నలుగురి మాటలు, ఇవన్నీ ప్రశ్నలు కావాలి. ఐదు మెట్ల ఒప్పుకోళ్ళ బదులు 'అస్సలు లేదు, కొంచెం, చాలా' సరిపోవచ్చు. ప్రతి ప్రశ్ననూ ముందు కొద్దిమందికి చదివి వినిపించి, 'నీకు ఇందులో ఏమర్థమైంది, నీ మాటల్లో చెప్పు' అని అడగాలి. వేరే దేశాలతో పోలిక కావాలనుకునేవాళ్ళ కోసం, అన్నిచోట్లా నిలబడే నాలుగైదు ప్రశ్నలు మాత్రం ఉమ్మడిగా ఉంచుకోవచ్చు.

అలా చేస్తే మెల్‌బోర్న్ స్కోరు పక్కన మన స్కోరు పెట్టి గ్రాఫ్ గీయడం కుదరదు, పెద్ద జర్నల్లో అచ్చవడమూ కష్టం కావచ్చు. అంగన్‌వాడీలో సగం కంచం వదిలేసిన మనిషికి ఆ గ్రాఫ్‌తో పనిలేదు.